ఆళ్ళగడ్డ మైదానంలో ఫ్రాన్సు కొండలు

ఒకసారి నేను ఫ్రాన్సులోకెల్లా ఎత్తయిన కొండ మీద సైకిలుతో సహా తలకిందులుగా పడి, సగం మీసాన్నీ, కాబోయే పెళ్ళాన్నీ ఒకే పూట పోగొట్టుకున్నాను. ఫ్రాన్సంటే ఎక్కడో సముద్రాలవతల అనుకునేరు. ఆళ్ళగడ్డలోనే, బస్టాండు వెనక మైదానంలో. నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేసుకోండి, తర్వాత ఊపిరాడదు.

డెబ్బైల చివరి మాట ఇది. బస్టాండు పక్కన మా నాయనకు సైకిలు షాపుండేది. అద్దె సైకిళ్ళు, పంక్చర్లు, గాలి కొట్టడం, అంతే మా సామ్రాజ్యం. దానికి యువరాజును నేను. ఒక ఏడాది నంద్యాలలో మా చర్చి కూటాలకు పోయి, అక్కడ పాటలు పాడుతున్న సుగుణను చూసొచ్చాను. ఆమె సామ్యేలు సారు కూతురు. సారు నంద్యాలలో హైస్కూలు టీచరు. ఆ పాట చెవిలో పడ్డప్పటి నుంచి నా చేతిలో పని నిలవలేదు. ఎవరైనా గాలి కొట్టమని సైకిలిస్తే ట్యూబు పగిలేదాకా కొట్టేవాణ్ణి. నాయన బాధ పడలేక, పెద్దమనిషి చేత సారును అడిగించాడు.

సారు తిరిగి పంపిన మాట ఇది: "పిల్లోడు మంచోడేనప్పా. కానీ ఇంతవరకు ఏం సాధించినాడు?"

నిజమే, ఏం సాధించాను? ఏదో ఒకటి సాధించి తీరాలనుకున్నాను. సైకిలు షాపువాడు సైకిలు మీద కాక మరి దేని మీద సాధిస్తాడు! ఆ రోజుల్లో ఊరూరా ఒక సంబరం జరిగేది. ఒకడు మైదానంలో సైకిలెక్కి, కాలు కింద పెట్టకుండా మూడు రోజులు గుండ్రంగా తిరిగేవాడు. తిండీ స్నానమూ గడ్డం గీసుకోవడమూ అన్నీ దాని మీదే. జనం తిరనాళ్ళకొచ్చినట్టు వచ్చేవాళ్ళు. అదే చేస్తానని నా స్నేహితుడు దేవదానంతో అన్నాను.

దేవదానానికి మైకుసెట్టుంది. పెళ్ళిళ్ళకూ మీటింగులకూ అద్దెకిచ్చేవాడు. వాడి గొంతు ఎట్లాంటిదంటే, ఫలానావారి మేక తప్పిపోయిందని వాడు మైకులో చెబితే ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకునేవాళ్ళు. వాడు నా ఆలోచన విని పెదవి విరిచాడు.

"పోయినేడు ఒకడు తిరిగిపాయె గదా. ఉత్త తిరుగుడు ఎవరు సూస్తారు? ఆ క్యాలండరు సూడు."

మా షాపు గోడకు టైర్లవాళ్ళిచ్చిన క్యాలండరు ఉండేది. ప్రతి పేజీలోనూ ఫ్రాన్సు దేశపు కొండదారులు, వాటి మీద వంగి తొక్కుతున్న సైకిలు వీరులు. ద్రాక్షతోటలు, రాతి వంతెనలు, మెడలో గంటలు కట్టిన ఆవులు. దేవదానం ఆలోచన ఏమిటంటే, మైదానంలోనే ఫ్రాన్సు కట్టడం. నేను తొక్కుతుంటే వాడు దారి పొడవునా వర్ణిస్తాడు.

కాలువ పూడిక మట్టి తోలించి మూడు కొండలు పోశాం. ద్రాక్షతోటకు కానుగ కొమ్మలు పాతాం. ఒక మూల ఊరందరి పెంటదిబ్బ ఉంది. దాన్ని కదిలించడం ఎవరి వల్లా కాలేదు. దాంతో దేవదానం దాన్ని ఫ్రాన్సులోకెల్లా ఎత్తయిన శిఖరంగా ప్రకటించి, పైన జెండా పాతాడు. దాని పక్కనుంచే నా దారి. అంతటితో ఆగాడా? నేను సైకిలెక్కగానే, ఆదివారం సాయంత్రంలోగా మనవాడి కాలు నేల తాకితే ఇక్కడే సగం మీసం తీయిస్తామని మైకులో ఊరందరికీ చెప్పేశాడు. నన్నొక మాట అడిగిందీ లేదు.

మొదటి రోజు బ్రహ్మాండంగా గడిచింది. "ఇదిగో, మనవాడు ద్రాక్షతోటల నడుమ మలుపు తిరుగుతున్నాడు. ఎడమ పక్కన ఏరు, ఏటి మీద రాతి వంతెన. వంతెన దాటితే ఇంక అంతా ఎక్కుడే. పైనుంచి చల్లగాలి, దూరంగా చర్చి గంట..." అని వాడు చెబుతుంటే జనం ఆ మండుటెండలో తుండుగుడ్డలు కప్పుకున్నారు. రెండు బర్రెలు అడ్డమొస్తే, ఇవి ఫ్రాన్సు పాడిపశువులు, తరమొద్దని చెప్పాడు. ఎవరూ తరమలేదు. నేనే చుట్టూ తిరిగి పోయాను.

రెండో రోజు మధ్యాహ్నానికి నిద్ర లేక నా పరిస్థితి విచిత్రంగా తయారైంది. నేను ముందు పోతున్నాను, నా బుర్ర ఒక చుట్టు వెనకగా వస్తోంది. సరిగ్గా అప్పుడు సామ్యేలు సారు కూతుర్ని వెంటబెట్టుకుని నంద్యాల బస్సు దిగాడు. ఆళ్ళగడ్డ పిల్లోడు ఏదో సాధిస్తున్నాడని విని, స్కూలుకు సెలవు గనక చూసిపోదామని వచ్చాడట. నాయన వాళ్ళిద్దరినీ పందిట్లో కుర్చీల్లో కూర్చోబెట్టి, నా పక్కన పరిగెత్తుతూ చెప్పాడు.

"సారు వచ్చినాడు. దిగురా, పిల్లను సూసుకుందువు."

"దిగితే మీసం పోతుంది నాయనా."

"అయితే తిరుగుతానే మాట్లాడు. నేను కోడిని కోయించుకోనొస్తా," అని నాయన ఇంటికి పరిగెత్తాడు.

అట్లా మొదలైంది నా పెళ్ళిచూపులు. పందిరి ముందు నుంచి నేను పోయేది రెప్పపాటు. ఆ రెప్పపాటులోనే సారు అడగాలి, నేను చెప్పాలి. మొదటి చుట్టులో ఆయన, "ఇంట్లో ప్రార్థన చేసుకుంటారా?" అని అడిగాడు. నా బుర్ర ఇంకా వంతెన దగ్గరే ఉంది. నేను పందిరి దాటిపోయాక అది వచ్చి ప్రశ్నను అందుకుంది. చక్కని జవాబు తయారు చేసుకుని మళ్ళీ వచ్చాను. ఈలోగా సారు రెండో ప్రశ్న వేశాడు.

"తాగుడు అలవాటుందా?"

"అది లేందే మాకు పొద్దుపోదు సార్. పొద్దున, మాపున ఇంటిల్లిపాదీ కూర్చుంటాం. సిన్నపిల్లోళ్ళను గూడా కూర్చోబెడతాం."

సారు కళ్ళజోడు తీసి తుడుచుకోవడం కనిపించింది. నా భక్తికి కరిగిపోయాడనుకున్నాను. మళ్ళీ చుట్టు తిరిగి వచ్చేసరికి ఆయన మాట మార్చాడు.

"మీ అమ్మ బాగుండాదా?"

"దాని పేరెత్తితేనే నాకు కడుపులో తిప్పుతుంది సార్. మా గడప తొక్కనియ్యను."

సారు కుర్చీ వెనక్కి జరిపాడు. ఆయనది మంచి మనసు. ఎండ దెబ్బేమో అనుకుని, ఇంకో అవకాశమిచ్చాడు.

"మా పిల్లను సూసినావు గదా, ఎట్లుంది?"

"శానా ముసిల్దయిపాయె సార్. మోకాళ్ళు పనిచెయ్యవు. ఏందో, ఉన్నన్ని దినాలు ఉంటుంది."

సుగుణ తలెత్తి నన్ను చూసింది. నా గుండె ఎగిరి హ్యాండిలు మీద పడింది. ఆ చూపు ప్రేమేనని నేను ఆ చుట్టంతా పాట పాడుకుంటూ తిరిగాను. సారు చివరి ప్రశ్న బుర్రకు అప్పుడందింది. ఇంత మంచి పిల్లను ఎట్లుందని అడుగుతాడేమిటి ఈ పెద్దాయన! మనసులో ఉన్నదంతా చెప్పేయాలని గట్టిగా ఊపిరి పీల్చుకున్నాను. అక్కడ పందిట్లో సుగుణ వాళ్ళ నాన్న చెవిలో ఏదో చెప్పింది. నేను దగ్గరికి రాగానే సారు లేచి నిలబడి అడిగాడు.

"మైకులో చెప్తాండాడే, ఆ పిల్లోనికి పెండ్లయిందా? ఎట్లాంటోడు?"

"బంగారం సార్! మీరు ఊ అంటే సాలు, రేపే పెండ్లి."

సారు మొహం వెలిగిపోయింది. సుగుణ సిగ్గుపడింది. నేనూ సిగ్గుపడ్డాను. మూడు కొండలు సిగ్గుపడుతూనే దాటాను. నాలుగోదాని దగ్గర బుర్ర వచ్చి నన్ను కలిసింది, సారు అడిగిన మాట చెవిలో వేసింది. కడుపులోంచి కేక వచ్చింది. చుట్టంతా తిరిగి పోయేసరికి కొంప మునుగుతుందని అడ్డంగా హ్యాండిలు తిప్పాను. సైకిలు నేరుగా శిఖరమెక్కింది. జెండా దాకా ఎక్కింది. అక్కడ మెత్తగా కూరుకుపోయి, నన్ను తలకిందులుగా లోపలికి పంపింది.

"మనవాడు శిఖరాన్ని జయించాడు," అన్నాడు దేవదానం మైకులో. కాసేపాగి, "మంగలిని పిలవండప్పా," అన్నాడు.

సగం మీసంతో, స్నానం చేసినా వదలని వాసనతో ఇంటికి చేరేసరికి కోడి ఉడికింది. వాళ్ళంతా మా ఇంట్లోనే కూర్చుని దేవదానానికీ సుగుణకూ పెళ్ళి మాట ఖాయం చేసుకున్నారు. నాయన బిత్తరపోయి చూస్తుంటే, వడ్డించింది నేనే. దేవదానం కాలు ముక్క రెండుసార్లు అడిగాడు. ప్రశ్నలు తప్పిన సంగతి చెప్పబోయాను. సారు నా భుజం తట్టి, "స్నేహితుని కోసం ఇంత చేసినావు. నువ్వు తాగుడు మానుకో నాయనా," అన్నాడు.

ఆ పెళ్ళయ్యాక మూడో వారమే సుగుణ మా షాపుకొచ్చి నిలదీసింది. "అన్నా, మీ ఫ్రెండు ఫ్రాన్సంతా తిరిగినాడనుకుంటి. మా నంద్యాల పక్కనుండే బండి ఆత్మకూరు దాటి పోలేదంట గదా." 'అన్నా' అన్న ఆ ఒక్క మాటకు నేను పంపు పట్టుకుని చాలాసేపు ఊరికే గాలి కొట్టాను. దానికి ట్యూబు లేదు.

తర్వాత నాకూ పెళ్ళయింది. ఈమెను నీకు భార్యగా అంగీకరిస్తావా అని పాస్టరుగారు అడిగినప్పుడు, నేను కిందికి చూసి రెండు కాళ్ళూ నేల మీదే ఉన్నాయని రూఢి చేసుకున్నాను. బుర్ర వచ్చిందా అని కాసేపు ఆగాను. చర్చి అంతా గుసగుసలు. పెళ్ళికూతురు మోచేత్తో పొడిచింది. అప్పుడు చెప్పాను, ఔనని.

అందుకే ఫ్రాన్సు శిఖరం సాక్షిగా, అంటే ఆ పెంటదిబ్బ సాక్షిగా, ప్రమాణం చేస్తున్నాను. బతికున్నంతకాలం, టైమెంతయిందని అడిగినా సరే, సైకిలు దిగి, స్టాండు వేసి, అడిగింది మళ్ళీ ఒకసారి చెప్పించుకుని గానీ జవాబివ్వను. దేవదానం మైకుసెట్టున్న ఊళ్ళో అయితే అప్పుడు కూడా ఇవ్వను.