విప్పడానికి వేసిన అతుకు

మొన్న ఆదివారం, మా ఇంటి పైగదిలో అద్దెకుంటూ ఇక్కడే హామిల్టన్‌లో కాలేజీకి వెళ్లే వరంగల్ అమ్మాయి, స్నేహితురాలి బిడ్డ కోసం ఆన్‌లైన్‌లో కొన్న వెండి కడియాలు తెచ్చి, "ఫినిషింగ్ చూడండి ఆంటీ, జాయింటే కనిపిస్తలేదు" అని మురిసిపోయింది. కనిపించకపోవడం కాదు, అసలు లేదు, అచ్చులో పోసినవి. బాగున్నాయన్నాను గానీ, తిరిగి ఇచ్చేముందు అతుకుండాల్సిన చోటు కోసం ఇంకోసారి తిప్పి చూశాను.

మా ఆయన కరీంనగర్‌లో వెండిపని నేర్చినవారు. ఈ దేశానికొచ్చాక పగలు ఉక్కు ఫ్యాక్టరీలో చేసి, సాయంత్రాలు బేస్‌మెంటులో నగలు అతికేవారు. నేను వాటికి మీనా పెట్టేదాన్ని. రంగు గాజుపొడిని కడిగి, తడిగా వెండి మీద పరిచి, ఆరాక కొలిమిలో కరిగించడమే మీనా. ఆ వేడికి, లోహాన్ని అతికే మామూలు టంకం నీరైపోతుంది గనుక, ముందే గట్టి టంకంతో అతకాలి. ఏ టంకమో అడగకుండా నేను ఏ వస్తువునూ కొలిమిలో పెట్టేదాన్ని కాదు. ఆ పట్టింపు చూసి ఆయన నన్ను ఇన్‌స్పెక్టరమ్మ అని ఏడిపించేవారు.

ఒక నవంబరులో, ఆస్పత్రిలో నర్సుగా చేసే మా ఊరివైపు అమ్మాయి తన పాప కడియం తెచ్చింది. పాప ఆ వేసవిలోనే పోయింది, ఏడాదైనా నిండకుండా. అతుకు పక్కన పాలపళ్ల గాట్లున్నాయి. వాటి జోలికి పోకుండా మిగతా చుట్టూ నీలం మీనా పెడితే, గొలుసుకు గుచ్చి మెడలో వేసుకుంటానంది. నేను అలవాటుగా టంకం సంగతి అడిగాను. మా ఆయన అందుకుని, తనకు పని నేర్పిన ఇంట్లో చేసిన కడియమే అది, వాళ్ల అతుకు ఎంత గట్టిదో తనకు తెలుసునన్నారు.

కొలిమి తెరిచేసరికి కడియం నోరు తెరుచుకుని ఉంది. కారిన టంకం వెండిని తినేసి, గాట్లున్న చోటంతా గుంటలు పడ్డాయి. మా వైపు పిల్లల కడియానికి తేలికగా కరిగే టంకమే వేస్తారు, చేయి పెరిగినకొద్దీ విప్పి ముక్క చేర్చాలి గనుక. ఆయనకు తెలియని సంగతి కాదు. మాకు పిల్లలు లేరు. మా ఇంట్లో ఏ కడియమూ విప్పాల్సిన అవసరం రాక, అది మరపున పడింది.

ఆ అమ్మాయి వచ్చినప్పుడు ఆయన ఏమీ దాచకుండా చెప్పారు. ఆమె గుంటల మీద బొటనవేలితో చాలాసేపు తడిమి, "ఇగ దాన్ని విప్పే పనేమున్నది అంకుల్, ఈసారి గట్టిదే వెయ్యండి" అంది.

ఆయన గట్టిదే వేశారు, నేను నీలం పరిచాను, అతుకు నిలిచింది. ఆ తర్వాత పిల్లల వస్తువు దేన్నీ ఆయన ముట్టుకోలేదు. ఆయన పోయాక కొలిమి కూడా ఇచ్చేశాను.

ఈ కాలపు కడియం బిగుతైతే తీసి పక్కన పడేసి ఇంకొకటి కొంటారట. విప్పే చోటే లేదు గనుక అది ఏ మంటలోనూ విడిపోదు. కానీ ఆ రోజుల్లో బిడ్డ పెరుగుతుందని ఇంట్లోవాళ్లకంటే ముందే నమ్మి, అందుకు చోటుంచి అతికే మనిషి ఒకడు ఊళ్లో ఉండేవాడు.