ఇంగువ డబ్బా వెనుక చిన్న అక్షరాలు

మా మనవరాలికి గోధుమ, మైదా పడవండి. రవ్వంత కడుపులోకి వెళ్లినా రెండు రోజులు నొప్పితో మెలికలు తిరిగిపోతుంది. సెలవులకి మా ఊరు ఉప్పలగుప్తం వచ్చిన పిల్ల ఈ రోజు ఫోనులో చూసిన ఆనియన్ రింగ్స్ చేసిపెట్టమంది. పిండి మరలో గోధుమలు కూడా ఆడతారని భయపడి, బియ్యం ఇంట్లోనే మిక్సీ పట్టాను. మూకుడు రెండుసార్లు తోమి కొత్త నూనె పోశాను. ఉల్లిపాయ చక్రాలు పిండిలో ముంచి వేయిస్తే కరకరలాడుతూ వచ్చాయి. నాలుగు తినేసింది.

తరువాత డబ్బాలు సర్దుతుంటే ఇంగువ డబ్బా వెనుక చిన్న అక్షరాలు కనబడ్డాయి. ఇంగువలో గోధుమ పిండి కలుపుతారట! ఏ పిండి కలిపినా చిటికెడు ఇంగువ వేయడం నా చేతికి అలవాటు. ఇందులోనూ వేశాను. కాకినాడలో ఉన్న మా అమ్మాయికి ఫోన్ చేశాను.

"ఎంత వేసేవమ్మా?"

"చిటికెడేనే. ఆ వేంకటేశ్వరస్వామి సాక్షి."

"ఆయన్నెందుకు మధ్యలో లాగుతావు? దాన్ని చూస్తూ ఉండు. నొప్పంటే వెంటనే డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్లు. నేను బస్సెక్కుతున్నాను."

దేవుడి దగ్గర దీపం పెట్టి, మూడు గంటలుగా పిల్ల ముఖంలోకే చూస్తూ కూర్చున్నాను.

"నువ్వలా చూస్తుంటే లేని నొప్పి వచ్చేలా ఉంది అమ్మమ్మా," అంటోంది.

ఇంతవరకూ ఏమీ కాలేదు. తెల్లారితే గానీ నమ్మకం లేదు. ముప్పై ఏళ్లుగా ఇంగువ వేస్తున్నాను, డబ్బా తిప్పి చదివింది ఈ రోజే. మీలో ఎవరైనా ముందే చదివారా?