వరప్రసాద్ గారి డెక్కు ఖర్చు

ఏ కొటేషన్ చేతికిచ్చినా వరప్రసాద్ ముందు మొత్తం చూడడు. పెన్ను మూత తీసి, ఏ లైను కొట్టెయ్యాలా అని వెతుకుతాడు. నోయిడాలో ఒక మోటారు పార్టుల కంపెనీ పర్చేజు విభాగంలో పాతికేళ్ళుగా అతని ఉద్యోగం అదే. అవతలివాడు రాసిన ప్రతి కాగితంలోనూ ఒక లైను దండగనీ, దాన్ని పట్టుకున్నవాడే తెలివైనవాడనీ అతని సిద్ధాంతం. ఇప్పుడుంటున్న ఫ్లాటు గృహప్రవేశానికి జనరేటరు లైను కొట్టేసి నాలుగు వేలు మిగిల్చాడు. జూన్ నెల. కరెంటు పోయింది. హోమం పొగకీ ఉక్కకీ పురోహితుడు కళ్ళు తిరిగి పడ్డాడు. ఆ నాలుగు వేల సంగతి వరప్రసాద్ ఇప్పటికీ చెప్పుకుంటాడు, పురోహితుడి సంగతి చెప్పడు.

అతని భార్య ఉషశ్రీ కూడా చెప్పదు. పెళ్ళయిన కొత్తలో చెప్పేది. చెవిటివాడి ముందు శంఖం ఊదడం ఎందుకని తర్వాత మానేసింది.

ఈ ఏడాది ఏప్రిల్‌లో కంపెనీ వైస్ ప్రెసిడెంటు రఘువీర్ గుర్గావ్‌లోని తన ఇంటికి వాళ్ళిద్దరినీ భోజనానికి పిలిచాడు. ఇంటి వెనక చెక్కలు పరిపించి, పైన కుర్చీలు వేయించి, దాన్ని డెక్ అన్నాడు. తిరిగి కారెక్కగానే వరప్రసాద్, "మనకీ ఒకటుండాలి" అన్నాడు.

"అరుగేగా" అంది ఉషశ్రీ.

"అరుగు కాదే తల్లీ, డెక్" అన్నాడతను, అంతటి తేడా తెలియని మనిషితో కాపురం చేస్తున్నందుకు తనమీద తనే జాలిపడుతూ.

తాతగారి వీధరుగు మీద కూర్చోవడం నామోషీ అనుకున్న మనిషి, లక్షలు పోసి పెరట్లో అరుగు వేయించుకుంటున్నాడని ఉషశ్రీ లోలోపల నవ్వుకుంది. అక్టోబరులో జనరల్ మేనేజరు పోస్టు ఖాళీ అవుతుందని ఆమెకి తెలుసు. ఆ లోపల రఘువీర్‌ని తెచ్చి ఆ అరుగు మీద కూర్చోబెట్టాలి. ఈ సంబరమంతా అందుకే.

వాళ్ళది కింది అంతస్తు ఫ్లాటు. వెనక పదిహేనడుగుల పెరడు. ఆ పెరట్లో ఉషశ్రీకి తనది అనుకునేది ఒక్కటే ఉంది, కరివేపాకు చెట్టు. తొమ్మిదేళ్ళ క్రితం రాజమండ్రి నించి తడి గోనెగుడ్డలో చుట్టి, రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చిన పిలక అది. ఢిల్లీ చలికి రెండుసార్లు మోడైంది. జనవరి వస్తే ఆమె తన పాత శాలువా దానికి కప్పేది. ఇప్పుడు ఆమె తల దాటి ఎదిగింది. ఆ టవరులో ఏడు తెలుగిళ్ళ పోపు దానిమీదే సాగుతోంది. చెట్టుకి జానెడు దూరంలో, పై పన్నెండంతస్తుల మురుగూ వచ్చి కలిసే చాంబరు ఉంది.

కొలతలు తీసుకోవడానికి వడ్రంగి దశరథ్ వచ్చాడు. చెక్క, ఇనప ఫ్రేము, చెదల మందు, పాలిషు, లైట్లు, కూలి అన్నీ కలిపి మూడు లక్షల ఎనభై వేలకి కొటేషన్ రాశాడు. చివర్న రెండు చిన్న లైన్లున్నాయి. చెట్టు చుట్టూ కంత వదలడానికి రెండు వేల ఎనిమిది వందలు. చాంబరు మీద తెరుచుకునే మూతకి రెండు వేల నాలుగు వందలు.

వరప్రసాద్ పెన్ను సరిగ్గా ఆ రెండింటి మీదే వాలింది. లైట్లకి ఇరవై రెండు వేలు పడింది. వాటి జోలికి పోలేదు, అవి రఘువీర్ ఇంట్లో ఉన్నాయి.

"ఢక్కన్ మత్ కాటియే సాబ్" అన్నాడు దశరథ్. మూత లేకపోతే, వానల్లో చాంబరు పొంగినప్పుడు డెక్కంతా ఊడబీకాలని అతని మొర.

"అచ్ఛా భయ్యా, ఠీక్ హై" అని నవ్వి, వరప్రసాద్ భార్యకేసి తిరిగాడు. "చూశావా, వీళ్ళు గుంజేది ఇక్కడే. చెట్టు కొట్టించెయ్యడానికి పదిహేను వందలు. ఉంచడానికి దాదాపు రెట్టింపు! కరివేపాకు కట్ట పది రూపాయలు, ఉషా."

"చెట్టు మీద చెయ్యేస్తే రఘువీర్ గారొచ్చిన రోజు వంట మీరే చేసుకోండి" అంది ఉషశ్రీ.

అతను భోజనాలు బయటినించి తెప్పిస్తే ఎంతవుతుందో లెక్కేస్తున్నాడని ఆ మొహం చూడగానే ఆమెకి తెలిసిపోయింది.

"సరే, రెండింట్లో ఒకటి ఉంచుతాను. ఏదో నువ్వే తేల్చు. తర్వాత నన్ననకు" అన్నాడు, వరమిస్తున్న దేవుడిలా.

మూత ఉండి తీరాలని ఆమెకి తెలుసు. నాలుగు లక్షలు తగలేస్తూ ఐదువేల దగ్గర తనచేత బేరమాడిస్తున్న ఆ మనిషిని చూస్తే అసహ్యం వేసింది. "చెట్టు" అంది. అతను మూత లైను కొట్టేసి, పక్కన పొడి సంతకం పెట్టాడు.

జూలై నెలాఖరుకి డెక్కు తయారైంది. ఆగస్టులో ఒక ఆదివారం మధ్యాహ్నం రఘువీర్ భార్యతో సహా వచ్చాడు. ముందు రోజంతా కుండపోత వాన. ఉషశ్రీ డెక్కు మీద పులిహోర వడ్డిస్తుండగా చెక్కల సందుల్లోంచి ముందు వాసన వచ్చింది, తర్వాత నీళ్ళొచ్చాయి. రఘువీర్ భార్య కాళ్ళు పైకెత్తుకుంది. వరప్రసాద్ పరుగెత్తుకెళ్ళి అగరొత్తులు వెలిగించి తెచ్చాడు. పన్నెండంతస్తుల మురుక్కి రెండు అగరొత్తులు!

సొసైటీ ప్లంబరు గునపం పట్టుకొచ్చాడు. చాంబరు అందాలంటే ఆరు పలకలు ఊడదియ్యాలన్నాడు. పలక పద్దెనిమిది వందలు. వరప్రసాద్ చూపు చెట్టు చుట్టూ ఉన్న కంత మీదికి పోయింది. పెన్ను మూత తీసే ముందు అతను చూసే చూపు అది.

"ఈ చెట్టు తీసేస్తే కంతలోంచే చెయ్యి పెట్టి బాగు చెయ్యొచ్చు. పలకలు మిగుల్తాయి" అని భార్యతో అని, ప్లంబరుకేసి తిరిగి, "పేడ్ కాట్ దో" అని చెట్టు చూపించాడు.

ఉషశ్రీకి ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళూ మింగిన మాటలన్నీ గొంతుదాకా వచ్చాయి గానీ, ఈ మనిషి మీద ఖర్చు పెట్టదగ్గ మాట వాటిలో ఒక్కటీ కనబడలేదు. కుచ్చిళ్ళు ఎగదోపి, ప్లంబరు చేతిలోని గునపం లాక్కుని, పలకల సందులో దూర్చి, బలమంతా వేసి నొక్కింది. మేకులు కీచుమన్నాయి. పలక లేచింది. రెండోదీ లేచింది.

"ఉషా! గెస్టులున్నారు!"

"చూడనివ్వండి. డెక్కు చూడ్డానికేగా పిలిచారు" అంది, మూడోదాని కింద గునపం పెడుతూ. రఘువీర్ ముక్కు మూసుకుని లోపలికి వెళ్ళిపోయాడు. అతని భార్య మాత్రం ప్లేటు పట్టుకుని, ఆరో పలక లేచేదాకా అక్కడే నిలబడి చూసింది.

మర్నాడు దశరథ్ కొత్త కొటేషన్ తెచ్చాడు. పలకలు, పాలిషు, కూలి, చాంబరు మూత కలిపి పదిహేడు వేల నాలుగు వందలు. మూత ధర ఇప్పుడు నాలుగు వేలు. వరప్రసాద్ పెన్ను మూత తీసి, కాగితాన్ని పైనించి కిందికీ కిందినించి పైకీ వెతికాడు. తలెత్తితే ఎదురుగా ఉషశ్రీ ఉంది. ఆమె వెనక, చెట్టు మొదట్లో, ప్లంబరు మరిచిపోయిన గునపం ఆనించి ఉంది. అతను ఒక్క లైనూ కొట్టకుండా సంతకం పెట్టాడు.

"ఆ పెన్నిలా ఇవ్వండి" అంది ఉషశ్రీ. కాగితం తన ముందుకి లాక్కుని, సంతకం కింద ఒక కొత్త లైను రాసింది: చెట్టు చుట్టూ కూర్చోవడానికి అరుగు, మూడు వేలు.