సైరన్ మోగింది, పిలుపు రాలేదు

2022 వర్షాకాలానికి ముందు నన్ను కాట్రేనికోన వైపు ఒక తీర మండలానికి తహసీల్దారుగా వేశారు. ప్రజలకు విపత్తు హెచ్చరికలు చేరవేసే నిబంధనలు మారిన కాలమది. దండోరా రద్దయింది. ఇకపై పైనుంచి మీట నొక్కితే ఊళ్ళో టవరు మీది సైరన్ మోగుతుంది, రికార్డు చేసిన గొంతు మాట్లాడుతుంది, సెల్‌ఫోన్లన్నీ ఒకేసారి అరుస్తాయి. ఆపద చూడగానే ఊదాల్సిన బైబిలు కావలివాడి బూర గురించి సండే స్కూలు నాటి నుంచి విన్నవాణ్ణి. ప్రభుత్వం ఇన్నాళ్ళకి వాక్యానుసారంగా నడుస్తోందని సంతోషించాను.

మొదట మాక్ డ్రిల్ పెట్టాం. అంటే ఉత్తుత్తి తుఫాను. నా పై అధికారి ఆర్డీవో గారు తుఫాను షెల్టరు గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. సైరన్ మోగింది. రెండు కుక్కలు వచ్చాయి. ఇక ఎవరూ రాలేదు.

సముద్రం పక్క వీధికి పెద్ద వీర్రాజు గారు. ఆయన కదిలితేనే వీధి కదులుతుంది. వెళ్ళి అడిగాను.

"ఆయ్, వినపడిందండీ. చెవులు గింగుర్లెత్తిపోయేయి. కానీ మమ్మల్ని రమ్మని ఎవరూ అన్లేదు కదండీ."

"ఆ గొంతు చెప్పింది అందరికీ కదండీ?"

"అందరికీ చెప్తే మాకు చెప్పినట్టా అండీ? దండోరా వేసేవాడైతే గుమ్మం ముందు ఆగి, బాబయ్యగారూ అని పిలిచేవాడు. పిలవని చోటికి ఎలా వస్తామండీ, బాగోదు."

నెల తిరక్కుండానే అసలు తుఫాను బయలుదేరింది. మధ్యాహ్నానికి అలలు సరుగుడు తోట దాటాయి. సైరన్ మోగుతూనే ఉంది. వీధిలో పొయ్యిలు వెలుగుతూనే ఉన్నాయి.

విందుకు పిలిస్తే ఒకడు పొలమనీ, ఒకడు ఎడ్లనీ, ఒకడు కొత్త పెళ్ళామనీ సాకులు చెప్పిన బైబిలు ఉపమానం గుర్తొచ్చింది. మా వాళ్ళు నయం, పిలిస్తే వచ్చేవాళ్ళు. రికార్డు గొంతు ఆగాక స్థానిక అధికారి షెల్టరు దగ్గరి మైకు పట్టుకుని అదే టవరులోంచి మాట్లాడవచ్చని నిబంధనల్లో ఉంది. మా గ్రామ రెవెన్యూ అధికారి, అదే వీఆర్వో, పేర్లు అందిస్తుంటే ఇంటింటినీ పిలిచాను: "సూర్యనారాయణ గారూ, తమరు సకుటుంబంగా షెల్టరుకి దయచేయాలండీ."

వచ్చారు. ఆడవాళ్ళు మంచి చీరలు కట్టుకుని మరీ వచ్చారు. కానీ సగం వీధి రాలేదు, వీర్రాజు గారు రాలేదు గనక. వీఆర్వో ఫోన్ చేసి కనుక్కుని తల పట్టుకున్నాడు. "సూర్యనారాయణ గారు ఆయన వియ్యంకుడండి. ఆడపెళ్ళివారిని ముందు పిలిచేమంట."

గాలి మైకుని లాగేస్తోంది. ప్రార్థన చేసుకుని మళ్ళీ మొదలుపెట్టాను: "మగపెళ్ళివారు వీర్రాజు గారూ, మీరు లేనిదే ఇక్కడ ఎవరూ కూర్చోవడం లేదండీ."

ఇస్త్రీ లాల్చీ తడుపుకుంటూ, వెనక మిగతా వీధితో వచ్చారాయన. భుజాన అరటి గెల. "ఉత్త చేతుల్తో ఏం బాగుంటుందండీ," అన్నారు. తరవాత వియ్యంకుడి కంటే ముందు వరసలో కూర్చున్నారు.

తెల్లారి చూస్తే ఆయన ఇంటి పైకప్పు కాలవలో ఉంది. మనుషులంతా షెల్టరులో ఉన్నారు, అరటిపళ్ళు తింటూ.

బూర ఊదితే కావలివాడి బాధ్యత తీరుతుందని సండే స్కూల్లో నేర్చుకున్నాను. ఉద్యోగం దానికి కొంచెం కలిపింది. ఊదాక ఎవరు లేవలేదో చూసి, పేరు పెట్టి పిలవాలి. మగపెళ్ళివారిని ముందు.