కంది కట్టె మీద బ్రేక్ టెస్టు

పల్నాడు జిల్లా కొత్తగా ఏర్పడ్డాక వచ్చిన మొదటి జనవరిలో నేను ఆ జిల్లాలోనే ఒక రవాణా శాఖ ఆఫీసులో మోటారు వాహనాల తనిఖీ అధికారిగా ఉన్నాను. ఏ ఊరి ఆఫీసో ఇప్పుడు అనవసరం. రిటైర్మెంటుకు ఇంకా మూడేళ్ళుంది. సహాయ తనిఖీ అధికారిగా చేరి, ఒక్క ప్రమోషన్ తీసుకుని, అక్కడే ఆగిపోయిన వాళ్ళలో నేనొకణ్ణి. జనం మమ్మల్ని ఈ హోదాలతో పిలవరు. బ్రేకిన్‌స్పెక్టర్ అంటారు. ఆ పిలుపు నాకు పూర్తిగా తగదని అరవై దగ్గరపడ్డాక తెలిసింది.

ప్రమాదం జరిగిన బండిని మా చేత చూపించడం పోలీసుల పద్ధతి. స్టేషన్ నుంచి లెటరు వస్తుంది, మేం వెళ్ళి బ్రేకులు, స్టీరింగు, టైర్లు చూస్తాం. బండి కదిలే స్థితిలో ఉంటే కొంతదూరం నడిపి చూస్తాం. దాన్ని రోడ్ టెస్ట్ అంటారు. రిపోర్టు చివర్లో "ప్రమాదం యాంత్రిక లోపం వల్ల జరగలేదు" అని రాసి సంతకం పెడతాం. ఆ వాక్యం ఎన్నిసార్లు రాశానో నాకే తెలియదు. చేతికి అలవాటైపోయింది.

ఆ జనవరిలో వచ్చిన లెటరు గురజాల రోడ్డు మీద జరిగిన ప్రమాదం గురించి. బండి మామూలు కారు కాదు. మూడు వందల హార్స్‌పవర్ దాటిన ఇంజను, నేలను అంటుకుని పోయే ఆకారం, మన రోడ్ల మీద దానికేం పనో నాకు ఎప్పుడూ అర్థం కాదు. ఓనరు పేరు సుధాకర్, చిలకలూరిపేటలో ఒక జిన్నింగ్ మిల్లులో భాగస్వామి, నలభై అయిదేళ్ళ మనిషి. కారు కొని మూడు వారాలైంది. రోడ్డు పక్కన కోటయ్య అనే రైతు కుడికాలు మోకాలి దగ్గర నుజ్జయింది.

ఆ రోడ్డు సంగతి కొంచెం చెప్పాలి. కంది కోతలప్పుడు అక్కడి రైతులు ఎండిన కంది కట్టెను తారు మీద పరుస్తారు. పోయే లారీలు, బస్సులు తొక్కితే కాయ పగిలి గింజ రాలుతుంది. పొద్దు వాలేలోపు కట్టె ఎత్తేసి గింజ ఊడ్చుకుంటారు. చట్టప్రకారం తప్పే, కానీ అందరూ చేసేదే. కోటయ్య పంగలకర్రతో కట్టె తిరగేస్తుండగా కారు జారి మీదికొచ్చింది.

స్టేషన్లో సుధాకర్ నా కోసమే కూర్చుని ఉన్నాడు. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. బ్రేకు ఫెయిలైందని ఒట్టేసి చెప్పాడు. "తొక్కితే పెడలు నా కాలిని ఎగరగొట్టింది సార్. టకటకా కొట్టుకుంది. ఏదో విరిగిందనుకుని కాలు తీసేశా," అన్నాడు. అబద్ధమాడే మనిషిలా కనిపించలేదు. నాకు విషయం వెంటనే అర్థమైంది. చక్రం జారకుండా బ్రేకును తనంతట తాను పట్టి వదిలే ఏర్పాటు ఈ కాలపు కార్లన్నిటికీ ఉంటుంది. అది పనిచేసేటప్పుడు పెడలు అలాగే కొట్టుకుంటుంది. అతనికీ అదే వివరించాను. పాపం, బ్రేకు పనిచేస్తుంటే చెడిపోయిందనుకుని కాలు తీసేశాడు. లైసెన్సు అడిగి చూశాను. పద్దెనిమిదేళ్ళ కింద పక్క ఊళ్ళో ఇచ్చింది, రికార్డులో సంతకం నాది.

అతని లాయరు అప్పటికే రెండో వాదన సిద్ధం చేసి పెట్టాడు. బ్రేకు బాగుంటే తప్పంతా కందిదే. ఆ పూట కట్టె పరిచింది కోటయ్య భార్య నాగేంద్రం కాబట్టి, తప్పు ఆ ఇంటిదే. ఆ మాట నిలబడితే కోటయ్యకు పరిహారం రాదు, పైగా రోడ్డుకు అడ్డం పెట్టినందుకు ఆమె మీద కేసు పడుతుంది. నా రిపోర్టు కోసం రెండు వైపులా ఎదురుచూస్తున్నారు.

కారుకు బంపరు, ఎడమ తలుపు తప్ప దెబ్బల్లేవు. ప్రమాదం జరిగిన చోటే రోడ్ టెస్ట్ చేద్దామని హెడ్ కానిస్టేబుల్‌ను పక్కన కూర్చోబెట్టుకుని బయల్దేరాను. రోడ్డు మీద ఇరుగుపొరుగు వాళ్ళ కంది పరిచే ఉంది. నాగేంద్రం కూడా అక్కడే ఉంది, ఆస్పత్రిలో మొగుణ్ణి చెల్లెలికి అప్పజెప్పి మిగిలిన కట్టె సర్దుకోడానికి వచ్చింది. మనుషులందరినీ దూరంగా చేలోకి పంపాను. ఆ పూట నేను చేసిన తెలివైన పని అదొక్కటే.

యాభై స్పీడులో వెళ్ళి, కట్టె మొదలయ్యే చోట బ్రేకు తొక్కాను. పెడలు కొట్టుకుంది. కొట్టుకుంటుందని తెలిసినవాణ్ణి, అరగంట కింద ఇంకొకరికి వివరించినవాణ్ణి, ఠక్కున కాలు తీసేశాను! కారు కట్టె మీద జారుతుంటే భయపడి స్టీరింగు కుడికి లాగాను. కారు తిరగలేదు, ఇంకా లాగాను. ఇంతలో ముందు టైర్లు కట్టె దాటి ఉత్త తారు మీదికొచ్చి ఒక్కసారిగా పట్టు దొరికించుకున్నాయి. కారు గిర్రున తిరిగి, వచ్చిన దారికే మొహం పెట్టి, పత్తి చేలో ఆగింది. హెడ్ కానిస్టేబుల్ దేవుళ్ళ పేర్లన్నీ చదివాడు.

నాగేంద్రం చేలోంచి నడిచొచ్చి అద్దం దగ్గర నిలబడింది. కోపంగా కూడా లేదు, అలిసిపోయి ఉంది.

"ఏంది సారూ, నువ్వు గూడా అంతేనా? ఈళ్ళందరికీ లైసెన్సులిచ్చేది నువ్వేగా?"

కారు దిగి, తాళం హెడ్ కానిస్టేబుల్ చేతికిచ్చాను.

ఇంటికెళ్ళాక ఆలోచిస్తే సిగ్గేసింది. ముప్పై ఏళ్ళ సర్వీసులో నేను మెల్లగా నడిపి బ్రేకు పట్టిందా లేదా చూశానే గాని, గట్టిగా తొక్కి బండిని ఆపిన సందర్భం ఒక్కటీ లేదు. పై అధికారికి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. ఆయన మంచివాడే. "బ్రేకులు బాగున్నాయిగా, అదొక్కటి రాయవయ్యా. నువ్వు గిర్రున తిరిగిన సంగతి ఎందుకు?" అన్నాడు. నిజమే, ఫారంలో ఆ గడి కూడా లేదు. కానీ బ్రేకులు బాగున్నాయని మాత్రమే రాస్తే తప్పు కంది మీదికి పోయి, నాగేంద్రం గతి లాయరు చేతిలో ఉంటుంది. నేను తిరిగిన సంగతి ఉత్తగా రాస్తే, తనిఖీ అధికారే అదుపు తప్పిన చోట మామూలు మనిషేం చేస్తాడని అదే లాయరు అంటాడు. రిపోర్టుకు వారం గడువు అడిగాను.

నరసరావుపేటలో మస్తాన్ అని, ఆర్టీసీలో కొత్త డ్రైవర్లకు శిక్షణ ఇచ్చి రిటైరైన పెద్దాయన ఉన్నాడు. వెళ్ళి నేర్పమని అడిగాను. ఆయన నవ్వలేదు. "నువ్వు ఇన్నేళ్ళూ బండ్లు చూశావు సాబ్, తోలలేదు," అన్నాడు. మూడు రోజులు పొద్దున్నే మూతబడిన మిల్లు ఆవరణలో ఇసుక పోయించి, నా సొంత కారుతోనే సాధన చేయించాడు. ఆయన చెప్పింది చానా తక్కువ. పెడల్ని తన్ను, తన్ని అట్టే పెట్టు, ఎంత కొట్టుకున్నా కాలు తియ్యమాక. చూపు తగలబోయే దాని మీద కాదు, పోవాల్సిన దారి మీద పెట్టు. స్టీరింగు కొంచెమే తిప్పు. వినడానికి తేలికే. మొదటి రోజు పదిసార్లు తొక్కితే ఏడుసార్లు నా కాలు పైకి లేచింది. ప్రతిసారీ ఆయన తొడ మీద ఒకటి చరిచేవాడు. ఆ వయసులో తొడ మీద దెబ్బలు తిని ఇంటికెళ్ళి పడుకునేవాణ్ణి.

నాలుగో రోజు స్టేషన్‌లో చెప్పి, మస్తాన్‌ను వెంటబెట్టుకుని అదే కారు, అదే చోటు, అదే యాభైలో మళ్ళీ తొక్కాను. కాలు తియ్యలేదు. కారు కట్టె మీద గరగరలాడుతూ తిన్నగా వెళ్ళి, కోటయ్య నిలబడిన గుర్తుకు రెండు బారల ముందు ఆగింది. డెబ్బైలో తొక్కితే గుర్తు దాటిపోయింది. సుధాకర్ తన వాంగ్మూలంలో చెప్పిన స్పీడు కూడా డెబ్బై. మూడు టెస్టులూ రిపోర్టులో రాశాను. మొదటిసారి నేను అదుపు తప్పాననీ, కాలు తియ్యడమూ స్టీరింగు లాగడమూ కారణమనీ, కంది వల్ల పట్టు తగ్గిందనీ, ఆ స్థితిలో కూడా స్పీడు తగ్గించి వచ్చి ఉంటే కారు ఆగేదనీ రాశాను.

ఏడాదిన్నర తర్వాత కోర్టులో సాక్ష్యానికి పిలిచారు. సుధాకర్ లాయరు నన్ను దులిపేశాడు. లైసెన్సులిచ్చే అధికారే గిర్రున తిరిగితే తన క్లయింటును ఏమనాలని అడిగాడు. వెనక బెంచీల్లో నవ్వారు. నేను చేసిన తప్పే ఆయనా చేశాడనీ, నేను యాభైలో చేస్తే ఆయన డెబ్బైలో చేశాడనీ చెప్పి దిగిపోయాను. కంది పరచడం కూడా తప్పేనని కోర్టు అంది. కోటయ్యకు పరిహారంలో కొంత కోత పడింది, మిగతాది వచ్చింది. నాగేంద్రం మీద కేసు పెట్టలేదు. కోటయ్య కాలు మాత్రం మోకాలి పైదాకా తీసేశారు.

ఆ తర్వాత మిగిలిన సర్వీసులో నేను ఒక పని చేశాను. లైసెన్సుకొచ్చిన ప్రతివాళ్ళూ ఎనిమిది అంకె ఆకారంలో బండి తిప్పి చూపాలి. అది అయ్యాక, ఒకసారి స్పీడందుకుని ముగ్గు గీత దగ్గర గట్టిగా తొక్కి ఆపమనేవాణ్ణి. రూల్సులో లేదు. కాలు తీసినవాళ్ళకు ఎలా తొక్కాలో చూపించి, నేర్చుకుని నెలాగి రమ్మనేవాణ్ణి. లైను పెరిగిపోతోందని ఆఫీసులో విసుక్కున్నారు, డ్రైవింగ్ స్కూళ్ళ వాళ్ళు పైకి ఫిర్యాదులు పెట్టారు. సంజాయిషీలు రాసి రాసి విసుగొచ్చింది గాని మానలేదు. నేను దిగిపోయాక ఆ గీత ఎవరూ గీయడం లేదని విన్నాను.

రిటైర్మెంటుకు నాలుగు నెలల ముందు నాగేంద్రం టెస్టుకు వచ్చింది. కోటయ్య నడిపే ట్రాలీ ఆటో ఇక ఆమే నడపాలి. ఎనిమిది చక్కగా తిప్పింది. గీత దగ్గర తొక్కమంటే, బండి జర్రుమనగానే కాలు తీసేసింది. నెలాగి రమ్మన్నాను.

"నా మొగుడి కాలు పోయిన సంగతి నీకు తెలుసుగా సారూ. నన్ను గూడా తిప్పుతావా?" అంది.

తెలుసు కాబట్టే అన్నాను. తిట్టుకుంటూ పోయింది. నెలకు మళ్ళీ వచ్చి గీతకు జానెడు ముందు ఆపింది, కాలు తియ్యలేదు. సంతకం పెట్టాను.

లైసెన్సు ఇచ్చేటప్పుడు మనిషి బండిని నడపగలడా అని చూసేవాణ్ణి. ఆపగలడా అని చూడాలని ఆ కంది కట్టె మీద నేర్చుకున్నాను. అది పద్దెనిమిదేళ్ళ ముందే తెలిసి ఉంటే, సుధాకర్‌ను కూడా నెలాగి రమ్మనేవాణ్ణి.