ఒంటె వెంట్రుకలు

ఉదయగిరికి రెండు ఒంటెలు వచ్చాయి, పిల్లల్ని ఎక్కించుకుని వీధుల్లో తిప్పేవి. వాటి ముక్కుల్లోంచి శాంపిళ్లు తీసే పని పశువుల ఆసుపత్రి అసిస్టెంటునైన నాకు పడింది. ఒంటెల నుంచి మనుషులకు సోకే ఒక రకం కరోనా ఉంది. ఒంటెకు మహా అయితే జలుబు చేస్తుంది. ఊపిరితిత్తులు బాగాలేని మనిషికైతే ప్రాణం మీదికొస్తుంది.

బయలుదేరుతుంటే అవ్వ ఆపింది.

"అమ్మే, రెండు వెంట్రుకలు తీసుకోని రా. నిద్దట్లో ఉలిక్కిపడతా ఉండాను. ఎలుగుబంటిది కడతారు గదా, ఇదీ అంతే."

కుదరదని చెప్పాల్సింది. ఎవరికీ ఎదురు చెప్పడం నాకు చేతకాదు. శాంపిళ్లు ఐసు పెట్టెలో సర్దాక, గ్లవుజుకు అంటుకున్న మూతి వెంట్రుకలు నాలుగు కాగితంలో చుట్టుకున్నాను. సాయంత్రానికి అవి నల్లదారంతో అవ్వ మెడకెక్కాయి. అవ్వకు ఉబ్బసం.

మర్నాడు ఆత్మకూరు పశువుల ఆసుపత్రిలో పెట్టె అప్పజెపుతుంటే అక్కడి డాక్టరుగారు మామూలుగా అడిగారు, "ఒంటె దగ్గర్నుంచి ఇంటికేమీ తీసుకుపోలేదు గదా?" తల అడ్డంగా ఊపాను.

తిరుగు బస్సులో పుస్తకం తెరిస్తే కలిగిరి దాటినా అదే పేజీ. ఇంట్లో అవ్వ దగ్గినప్పుడల్లా చేతిలో పని ఆగిపోయేది. ఇది పాత దగ్గా, కొత్తదా? డైరీలో జరిగింది రాశాను, కొట్టేశాను, మళ్లీ రాశాను. మూడోరోజు పొద్దున దగ్గు ఎంతకీ ఆగలేదు. డాక్టరుగారికి ఫోన్ చేశాను. నా గొంతు వినపడక రెండుసార్లు చెప్పించుకున్నారు.

"జ్వరముందా? లేదా? ఆ దారం కవర్లో వేసి గట్టిగా కట్టు. రిపోర్టు వచ్చేదాకా ఇద్దరూ మాస్కు పెట్టుకుని విడివిడిగా ఉండండి. ఆయాసం పెరిగితే ఆ నిమిషమే చెప్పు. ఆ రోజే చెప్పాల్సిందమ్మా!"

దారం కత్తిరిస్తూ అవ్వకు అంతా చెప్పాను.

"మూడు దినాలు కడుపులో పెట్టుకోని తిరిగినావా?"

"డైరీలో రాసినానవ్వా."

"మెడకు కట్టుకున్నది నేనైతే, పుస్తకానికి చెప్పినావా? మంచిదానివే!"

అవ్వ మంచం వసారాలోకి మారింది. నేను గదిలో. కిటికీలోంచి జ్వరం చూసే పుల్ల అందిస్తే, "నాకు చదువు రాకపాయె, లేకుంటే నా జరం గూడా పుస్తకంలోనే రాసుకొనుందును" అనేది.

రెండు రోజులు గడిచాక ఫోన్ వచ్చింది. రెండు ఒంటెల్లోనూ ఏమీ లేదు. కిటికీ దగ్గరకు పరిగెత్తి చెప్పాను.

"చూసినావా! నా దారం ఇట్ట ఇయ్యి."

"ఇయ్యను."

అవ్వ నావైపు వింతగా చూసింది. తర్వాత దగ్గింది. ఏమీ లేదని తెలిసినా నా ఊపిరి ఆగింది.