అక్షరకూర్పు

జిరాక్స్ మిషన్ నోట్లోంచి వేడివేడిగా బయటికొచ్చే కాగితానికి ఒక వాసన ఉంటుంది. ఇవాళ పొద్దున అమీర్‌పేట సందులో అది ముక్కుకు తగలగానే వైదేహి గారు గుర్తొచ్చారు. నోరు చేదెక్కింది.

మీరు ఆమెను చూసి ఉండరు. బందరు మనిషి, పంజాగుట్టలో ఒంటరిగా ఉండేవారు. లిపులు ఎలా పుట్టాయి, రాత మనుషులను ఏం చేసింది అన్నదే ఆమె చదువంతా. వేళ్లు వంకర్లు పోయి కలం పట్టలేని రోజుల్లో నా డీటీపీ కొట్టుకు వచ్చారు. పుస్తకమంతా ఆమె నోటితో చెబుతుంటే నేను నేరుగా టైపు చేసేవాణ్ణి. "మనిషి మొదట రాసింది కవిత్వం కాదయ్యా," అనేవారు. "ఎవరి కొట్టులో ఎంత ధాన్యం ఉందో రాసుకున్నాడు. మాట మీద నమ్మకం పోయాకే రాత పుట్టింది."

నేను ఊరుకునే రకం కాదు. సర్కారు ఫర్మానా రాస్తూ మా ముత్తాత తుమ్మితే ఒక అక్షరం చెదిరి, ఊరు ఊరంతా పక్క తాలూకాలో పడిందని చెప్పాను. ఆమె నవ్వలేదు. కాసేపు ఆలోచించి, "అబద్ధమే గానీ, సూత్రం సరిగ్గా పట్టావు. ఊరెక్కడుందో చెప్పేది నేల కాదు, కాగితం," అన్నారు. నా కోతలను అంత మర్యాదగా విన్నవాళ్లు అంతకుముందు లేరు. వాగుడు వెనక కూడా ఒక ఆలోచన ఉండొచ్చని నాకు తెలిసింది ఆమె దగ్గరే.

శాసనాల చివర శాపం ఎందుకు చెక్కిస్తారో కూడా ఆమే చెప్పారు. ఈ ధర్మాన్ని చెరిపినవాడు కాశీలో గోవును చంపిన పాపాన పోతాడని ఉంటుందట. రాతి మీద చెక్కినా దొంగ భయం తీరదన్నమాట.

పుస్తకం పూర్తయ్యాక, అచ్చు వేయిస్తానంటూ యూనివర్సిటీలో ఆమె పాత శాఖాధిపతి వచ్చి పట్టుకెళ్లారు. "నేను చూసుకుంటానమ్మా" అన్నారు. ఆ మాట చాలనుకున్నారామె. రాతకే బతుకంతా ధారపోసిన మనిషి, ఆయన చేత ఒక్క ముక్క రాయించుకోలేదు.

ఆవిష్కరణ సభలో చూస్తే అట్ట మీద ఆయన పేరు. ఆమె పేరు కోసం పేజీలు తిప్పాను. లోపల, వెల పక్కన, చీమల బారులాంటి అక్షరాల్లో దొరికింది. "అక్షరకూర్పు: వైదేహి." అంటే, టైపు కొట్టింది ఆమె అని. నా పని ఆమెకిచ్చి, ఆమె పని ఆయన తీసుకున్నారు.

లేచి నిలబడ్డాను. "సార్, మేడమ్ చెప్పిన్రు, నేను కొట్టిన. గీ పుస్తకం మేడమ్‌ది," అన్నాను. వచ్చినవాళ్లలో సగం నా కొట్టు గిరాకీలే, నా కోతలు ఎరిగినవాళ్లే. వెనక వరసలో కిసుక్కుమన్నారు. ఆయనకు కోపం కూడా రాలేదు. ఆమె వైపు మెత్తగా తిరిగి, "రాతపూర్వకంగా ఏమైనా ఉందా అమ్మా?" అని అడిగారు.

ఆమె వంకర వేళ్లు ఒళ్లో దాచుకున్నారు.

బయటికొచ్చాక, నా కంప్యూటర్లో అంతా ఉంది, కోర్టుకు పోదామన్నాను. "అదంతా నీ టైపేగా, అందులో నా చెయ్యి ఎక్కడుందయ్యా," అన్నారు. పోనీ మళ్లీ మొదలుపెడదామంటే తల అడ్డంగా ఊపారు. "నువ్వు నోటితోనే చెబుతూ ఉండు. నోటిమాటకు అట్ట ఉండదు. దాని మీద ఎవడూ పేరు వేసుకోలేడు." ఆ ఏడే పోయారు.

చెబుతూనే ఉన్నాను. నా బతుకులో ఉప్పూ కారం కలపకుండా చెప్పేది ఇదొక్కటే. మొన్న ఖాదర్ భాయ్ హోటల్లో మొదటినుంచి చివరిదాకా చెప్పాను. ఆయన గల్లా పెట్టె వదిలేసి వచ్చి, ఎదురుగా కూర్చుని మరీ విన్నాడు. అంతా అయ్యాక నా భుజం తట్టాడు.

"మస్తు కథ కట్టినవ్ అన్నా. ఇంక జరైతే నమ్ముతుంటి."